రెక్కల మావ

ఆ రోజు పొద్దున్న సూరమ్మ షెడ్డు గేటు దగ్గరే నిలబడిపోయింది. జీడిపిక్కలు వేయించే డ్రమ్ము కింద మంట పెట్టే వేళ దాటిపోతోంది, ఈవిడ లోపలికి రాదేంటని నాకు చిర్రెత్తుకొచ్చి, "ఏమే, అక్కడే కాపురం పెట్టేస్తావా?" అని అరిచాను. ఆమె కదల్లేదు. "రెక్కల మావ పోనాడమ్మా" అంది.

"ఏ రెక్కల మావ?" అన్నాను. ఊళ్లో పదిమంది రెక్కల మావలు ఉన్నట్టు!

నాలుగు రోజుల కిందటే కదా ఆ మనిషి మా గోడకి నిచ్చెన వేసుకుని, ఎగ్జాస్టు ఫ్యాను రెక్కలకి పట్టిన జిడ్డంతా గీకి, కిందికి దిగి, గ్లాసుడు మజ్జిగ తాగి, "ఈ యేటికి ఇంక సూసుకోనక్కర్లేదు తల్లీ" అని చెప్పి వెళ్లాడు? దగ్గు లేదు, జ్వరం లేదు. అరవై దాటినా నిచ్చెన ఎక్కడానికి ఎవరి చెయ్యీ అడిగేవాడు కాదు. అలాంటి మనిషి టీ తాగుతూ తాగుతూ స్టూలు మీదే పక్కకి ఒరిగిపోయాడట. అక్కడే పిక్కల బస్తా మీద కూలబడ్డాను.

మాది పలాసలో చిన్న జీడిపిక్కల షెడ్డు. మా ఆయన పెట్టింది. ఆయన పోయాక నా నెత్తిన పడింది. పచ్చి పిక్కల్ని ఇనప డ్రమ్ములో వేసి, కింద మంట పెట్టి, డ్రమ్ము తిప్పుతూ వేయిస్తాం. అప్పుడు పిక్క పైపెంకులోంచి నూనె కారుతుంది, ఆ నూనె కాలి పొగవుతుంది. వంటింటి పొగ కాదది. ఒక్కసారి గొంతులోకి దిగిందంటే పూటంతా గీరుతూనే ఉంటుంది. డ్రమ్ము పక్కన నిలబడి పిక్కలు వేసి తీసే మనిషికి ఆ పొగ తప్పదు. మా షెడ్డులో ఆ మనిషి సూరమ్మ.

రెక్కల మావది నౌపడ. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫ్యానుని ఫ్యాను అనేవాడు కాదు, రెక్క అనేవాడు. "మీ రెక్క ఎలగుంది?" అని అడిగేవాడు. కొత్తవాళ్లు బిత్తరపోయి చూసేవాళ్లు. "మోటారుదేటుంది తల్లీ? అది ఎద్దు. లాగుతాది. దున్నీది నాగలే కదా" అనేవాడు. నౌపడ ఉప్పు గాలికి ఏ ఇంట్లోనైనా ఫ్యాను రెక్కల అంచులు రెండేళ్లకే తుప్పుపట్టి ఊడిపోతాయట. ఊరందరి రెక్కలూ విప్పి, అతికి, వంచి, మళ్లీ బిగించి నేర్చుకున్న విద్య అది. చదువు ఐదో తరగతి.

ఎవరింటికెళ్లినా ముందు మొహం చూడడు, కప్పు చూస్తాడు. ఆ తర్వాతే "బాగున్నారా?" అని అడుగుతాడు. రెక్కని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గరపెట్టి వింటాడు. పని చేస్తున్నంతసేపూ ముక్కుతో చర్చి పాట ఏదో మూలుగుతుంటాడు. పాట ఆగిందంటే తప్పు దొరికిందన్నమాట. ఆదివారం మాత్రం పిడుగు పడినా పనికి రాడు. "ఆ రోజు దేవుడి రెక్క కింద ఉంటాను" అనేవాడు నవ్వుతూ.

ఇంకో వింత ఉంది. మే నెల ఎండలో చెమటలు కక్కుతూ మా ఇంటికొచ్చినా సీలింగు ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. "నెత్తి మీద గాలి నాకు పడదు తల్లీ" అని గుమ్మంలో కూర్చునేవాడు. ఫ్యాన్లు బాగుచేసేవాడికి ఫ్యాను గాలి పడకపోవడమేంటని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! ఊఁ అనేవాడు, అంతే.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది వేసవిలో. అప్పటికి సూరమ్మ దగ్గు మాకందరికీ అలవాటైపోయింది. మధ్యాహ్నానికల్లా మాట మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి అందుకుని, మళ్లీ మొదలుపెట్టేది. నేనేమీ చేయలేదని అనకండి. షెడ్డులో అప్పటికే సీలింగు ఫ్యాను ఉంది. మా ఆయన ఉన్న రోజుల్లోనే, "పాపం ఆ ఆడవాళ్లు మంట దగ్గర ఉడికిపోతున్నారండీ, ఓ ఫ్యాను పడేయించండి" అని పట్టుబట్టి పెట్టించింది నేనే. అది చాలక, షెడ్డు చేతికొచ్చాక గోడకి కన్నం కొట్టించి ఎగ్జాస్టు ఫ్యాను కూడా పెట్టించాను. రెండేళ్లకి ఆ పొగకే దాని రెక్కలు చిల్లులు పడి ఒకటి విరిగింది. సీజను మధ్యలో కొత్తది తెప్పించే తీరిక ఎవరికుంది? పక్క వెల్డింగు షాపులో మూలపడి ఉన్న సీలింగు ఫ్యాను రెక్కలు మూడు తెప్పించి, రింగులో పట్టేలా చివర్లు కోయించి, ఎగ్జాస్టు మోటారుకి బిగించేశాం. ఓయమ్మ, ఎంత బాగా తిరిగిందో! అంతకుముందు లారీ ఇంజనులా మోత మోగేది. ఇప్పుడు చడీచప్పుడూ లేదు. వేయించిన పిక్కల పెంకు కొట్టే ఆడవాళ్లంతా, "అమ్మయ్య, చెవులు బతికాయి" అన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదిరోజులు తిరక్కుండానే సూరమ్మ డ్రమ్ము దగ్గర కళ్లు తేలేసి పడిపోయింది. బయటికి ఎత్తుకెళ్లి, వేపచెట్టు కింద పడుకోబెట్టి, నీళ్లు చల్లితే తేరుకుంది. డాక్టరు ఊపిరితిత్తులు చూసి, "ఈ పొగలో ఇంకో రెండు సీజన్లు నిలబడితే ఈవిడ మీకు మిగలదు" అని నా మొహం మీదే చెప్పాడు. పని మానెయ్యమంటే సూరమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో తిండి తెచ్చేది ఆమె ఒక్కతే. "నౌపడలో ఒకాయనున్నాడమ్మా, రెక్కలు సేస్తాడు. ఒకపాలి తీసుకొస్తాను" అంది.

తీసుకొచ్చింది. బక్కపలచటి మనిషి, తెల్లచొక్కా, భుజాన గోనెసంచి. షెడ్డులోకి అడుగుపెట్టి అలవాటుగా కప్పు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. అక్కడ నా సీలింగు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. వెల కడుతున్నాడేమో అనుకుని నేను గొప్పగా చెప్పాను: "నేనే పట్టుబట్టి పెట్టించాను మావా. మనుషులు చల్లగా ఉంటారని."

ఆయన నావైపు చూడలేదు. సంచిలోంచి పాత పేపరు ముక్క తీసి గోడకున్న ఎగ్జాస్టు దగ్గరకెళ్లి, తిరుగుతున్న రెక్కల ముందున్న జాలీ మీద ఆనించి చెయ్యి తీసేశాడు. కాగితం జాలీకి అంటుకోవాలి. అది కిందపడింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ పడింది. మూడోసారి పడ్డాక వెనక్కి తిరిగాడు.

"ఎవులు సేసినారు ఈ పని?"

"మేమే చేయించాం. ఎందుకు, బాగానే తిరుగుతోందిగా?"

"తిరుగుతాది. తిరగడానికేటి, గుడి సుట్టూ మనిసీ తిరుగుతాడు. ఇది పొగని బయటికి తొయ్యాల తల్లీ! తొయ్యడం నేదు. ఈ మనిసిని నువ్వు సంపేస్తన్నావు. తెల్సా నీకు? సంపేస్తన్నావు!"

అన్నదెవరు? నా షెడ్డులో, నా పనివాళ్లందరి ముందు, అప్పుడే గుమ్మం తొక్కిన ఒక ఫ్యాన్ల మనిషి! పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నన్నంత మాట అనలేదు. పెంకు కొట్టే సుత్తులన్నీ ఆగిపోయాయి. గెంటెయ్యాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ముక్కూమొహం తెలియని ఆడమనిషి కోసం ఈయనకి ఏడుపెందుకో అర్థంకాక అలాగే నిలబడ్డాను.

తర్వాత తనే చల్లబడి, నన్ను పిలిచి చూపించాడు. జీడిపప్పు మీద ఎర్రటి పలచని పొట్టు ఉంటుంది కదా, అది గుప్పెడు తీసుకున్నాడు. సీలింగు ఫ్యాను కింద నిలబడి గాల్లోకి వదిలాడు. పొట్టు గింగిరాలు తిరిగి, మా తలల మీద, జాకెట్ల మీద, డ్రమ్ము మీద వాలింది. ఒక్క రేకు కూడా షెడ్డు దాటలేదు.

"సూసినావా? ఈ రెక్క పొడుగు. సన్నం. వాలు సూడు, ఇంతే. తాపీగా తిరుగుతాది. దీని పని గదిలో గాలిని గదిలోనే కదపడం. మనిసి సెమట ఆరుతాది, సల్లగుంటాది. అంతే గాని గాలిని మార్చదు. మంచి గాలుంటే మంచిది తిప్పుతాది, ఇసముంటే ఇసం తిప్పుతాది."

"మరి పొగ?"

"పొగ ఏడిగా ఉంటాది కదా, దాన్నొగ్గీస్తే దానంతటదే పైకి పోతాది. కప్పు పెంకుల సందుల్లోంచి ఎలిపోతాది. ఈ ఫేను దాన్ని పోనివ్వదు. నెత్తి మీంచి కిందకి కొడతాది. పోయే పొగని పట్టుకొచ్చి మనిసి ముక్కులో పెడతాది." కప్పు వైపు చెయ్యి చూపించాడు. "ఆ సందులన్నీ గోనెలెట్టి మూసీసినారు."

నిజమే. ఫ్యాను చల్లదనం బయటికి పోకూడదని పెంకుల కింద సందులన్నీ గోనెపట్టాలతో మూయించి ఉన్నాయి. ఏళ్లుగా అలాగే ఉన్నాయి. అందులో తప్పేముందో నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

ఎగ్జాస్టు రెక్క కథ వేరట. అది పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. మూడు చాలవు, ఆరు కావాలి. వాలు బాగా ఎక్కువ ఉండాలి, మొదట్లో మరీ ఎక్కువ, చివరికొచ్చేసరికి కాస్త తగ్గాలి. ఎందుకంటే అది ఖాళీలో తిరగదు, గోడ కన్నంలోంచి బలవంతాన గాలిని తోయాలి. వేగంగా తిరగాలి. రెక్క చివరికీ రింగుకీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందే ఉండాలి. "నువ్వు కోయించిన రెక్కకి నాలుగు వేళ్ల సందుంది. తోసిన గాలి ఆ సందులోంచి తిరిగి నోపలికే వస్తాది. మోత నేదని సంబరపడినారు. పని సేస్తే కదా మోత!" అన్నాడు.

ఆ రోజు మొట్టమొదట చేసిన పని, నన్ను అడక్కుండానే పైకెక్కి సీలింగు ఫ్యాను విప్పెయ్యడం. గోనెలన్నీ పీకేశాడు. పాత నూనె డ్రమ్ము రేకు తీసుకుని, అట్టముక్క పెట్టి గీసుకుని, ఆరు రెక్కలు కోశాడు. ఒక్కోదాన్నీ మోకాలి మీద పెట్టి మెలితిప్పాడు. కొలబద్ద లేదు, అరచేయే కొలత. ఆరూ బిగించాక ఒక్కోదాన్నీ వేలితో తిప్పి, ఏది బరువో చూసి, ఆకురాయితో గీకాడు. రెండు రోజులు పట్టింది. తర్వాత ఎదురుగోడకి కింద, మోకాలి ఎత్తులో ఇటుకలు తీయించాడు. "గాలి పోడానికి దారుంటే సాలదు. వచ్చీదానికి కూడా దారుండాల. నేపోతే ఏటి తోస్తాది, నా మొకం?" అన్నాడు.

స్విచ్చి వేశాడు. మళ్లీ అదే లారీ మోత. కాగితం ఆనిస్తే జాలీకి అతుక్కుపోయి పటపట కొట్టుకుంది. డ్రమ్ము మీద లేచిన పొగ ఒక్కసారి వాలి, గోడవైపు తిరిగి, సాగిపోయింది. సూరమ్మ డ్రమ్ము పక్కన నిలబడి నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చింది. దగ్గు రాలేదు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం బయటికెళ్లి వేపచెట్టుకి ఆనుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏటా సీజను మొదలయ్యే ముందు పిలవకుండానే వచ్చేవాడు. రెక్కలు దించి, గీకి, వాలు సరిచూసి, మళ్లీ ఎక్కించేవాడు. తుపానొచ్చి మా కప్పు ఎగిరిపోయిన ఏడు, కరెంటు కూడా లేని రోజుల్లో, నౌపడ నుంచి సైకిలు మీద వచ్చాడు. నాకు పలకరింపుగా రెండు మాటలు చెప్పి, సూరమ్మ దగ్గరకెళ్లి, "ఏదీ, ఊపిరి తియ్యి" అనేవాడు. డాక్టరుకి కూడా అంత శ్రద్ధ ఉండదు. ఆమె తీస్తే తల వంచి వినేవాడు. ఆ ఊపిరిలో కీచు తగ్గిందని ఆయన మొహంలోనే నాకు తెలిసేది. డాక్టరు చెప్పిన రెండు సీజన్లు కాదు, ఐదు సీజన్లు నిలబడింది సూరమ్మ.

చెప్పాను కదా, నేను బస్తా మీద కూలబడ్డానని. కాసేపటికి లేచి డ్రమ్ము ఆపించి, సూరమ్మని వెంటబెట్టుకుని ఆటోలో నౌపడ వెళ్లాను. ఉప్పుమళ్లు దాటాక చిన్న పెంకుటిల్లు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లారు, మట్టి చెయ్యడం సాయంత్రమని చెప్పారు. తెల్లచొక్కా వేసి పడుకోబెట్టారు. ఆ చేతులు చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కూతురు, ముప్పై ఏళ్లుంటాయేమో, కుర్చీ తెచ్చి వేసింది.

"ఏ ఊరు మీది?" అంది.

"పలాస. మా జీడిపిక్కల షెడ్డుకి మీ నాన్నే..."

ఆమె మొహం మారిపోయింది. పక్కనే ఉన్న సూరమ్మ వైపు చూసింది, నావైపు చూసింది. "ఆ సెడ్డు అమ్మగోరు మీరేనా?" అంది.

అప్పుడు తల ఎత్తాను. ఆయన తల దగ్గర గోడకి, శిలువ పక్కన ఒక ఫొటో ఉంది. గుండ్రటి మొహం, నుదుట బొట్టు లేదు, పెద్ద కళ్లు. నాకు తెలిసిన మొహం. ఏటా క్రిస్మస్‌కి మా ఇంటి గుమ్మంలో అరిసెల గిన్నె పెట్టి, "అమ్మా, ఉంటాను" అని లోపలికి రాకుండానే వెళ్లిపోయేది. సూరమ్మ కంటే ముందు మా డ్రమ్ము దగ్గర నిలబడిన మనిషి! ఒక ఏడాది రావడం మానేసింది. "ఉబ్బసంతో పోయిందట" అన్నారు మా ఆయన. "అయ్యో" అన్నాను. అంతే. ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో అడగలేదు. ఆ మర్నాడే, అప్పటిదాకా పెంకు కొడుతున్న సూరమ్మని డ్రమ్ము దగ్గర పెట్టారు.

"ఈవిడ..." అన్నాను.

"మా అమ్మ" అంది కూతురు. గొంతు పెంచలేదు, అదే నాకు మరీ భయమేసింది. "మీ సెడ్డులో ఫేను పెట్టాలని మీ ఆయనగోరు కబురెడితే మా నాన్నే వచ్చినాడు. మా అమ్మ పని సేసే కాడ ఫేనంటే ఎంత సంబరపడినాడో! ఊరికే బిగించి రానేదు. గాలి పోకుండా కప్పు సందులు కూడా తన సేత్తోనే మూసినాడు, మా అమ్మకి సల్లగుంటాదని. రెండేళ్లు ఆ పొగ తాగినాది. పోనాది. ఎందుకు పోనాదో తరవాత్తరవాత తెలిసినాది మా నాన్నకి."

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. పట్టుబట్టి పెట్టించానని ఆయనకే గొప్పగా చెప్పుకున్నాను! ఆయన భార్యని చంపిన ఫ్యాను కింద నిలబడి, ఆయన మొహం మీదే చెప్పుకున్నాను!

"మళ్లీ ఆ సెడ్డు గుమ్మం తొక్కొద్దు నాన్నా అని నానెంతో కొట్లాడినాను" అంది ఆమె. "ఇనలేదు. 'అక్కడ ఇంకో మనిసి దగ్గుతన్నాదంట, నాను బిగించింది నానే ఇప్పాల గుంటా' అన్నాడు."

క్షమించమని అనాలని కూడా తట్టలేదు. ఆమే లోపలికెళ్లి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగలేకపోయాను, పారబొయ్యడానికి ధైర్యం లేదు. చల్లారిపోయేదాకా పట్టుకునే కూర్చున్నాను. సాయంత్రం మట్టి అయ్యాక బయల్దేరాం.

ఆటో టెక్కలి దాటాక నేనే సూరమ్మని అడిగాను.

"నీకు తెలుసా?"

"తెల్సమ్మా. ఆవిడా నానూ ఒక్క టిఫినీ గిన్నెలో తిన్నాం."

"ఆయన్ని తీసుకొచ్చిన రోజే తెలుసా?"

"తెలిసే తీసుకొచ్చినాను."

కోపం ముంచుకొచ్చింది. అది ఎవరి మీదో నాకే తెలియదు. "ఇన్నేళ్లు నా పక్కనే ఉండి నాకెందుకు చెప్పలేదే? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

సూరమ్మ నావైపు తిరిగింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. పొద్దున్న ఎన్ని బస్తాలు వేయించాలో అడిగే గొంతుతోనే అడిగింది.

"సెప్తే అతన్ని రానిస్తావేటమ్మా?"

"ఎందుకు రానివ్వను?" అనబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రానిచ్చేదాన్ని కాదు. మా షెడ్డులో పెళ్లాన్ని పోగొట్టుకున్న మనిషని తెలిస్తే భయపడేదాన్ని. రేపు పదిమందిలో ఏం మాట్లాడతాడో, ఎవర్ని వెంటేసుకొస్తాడో అనుకునేదాన్ని. మర్యాదగానే, మజ్జిగిచ్చి మరీ, గేటు దగ్గర నుంచే పంపించేసేదాన్ని. సూరమ్మ ఆ పొగలోనే దగ్గి దగ్గి పోయేది. "అయ్యో" అని ఇంకో మనిషిని డ్రమ్ము దగ్గర పెట్టేదాన్ని.

నా సంగతి సూరమ్మకి ఐదేళ్లుగా తెలుసు. నాకు ఆ ఆటోలో తెలిసింది.